అత్తయ్య సంచిలో ఫోను

సెలవుల్లో రెండో రోజు పొద్దున్న తొమ్మిది కావస్తోంది. సరస్సు ఒడ్డున అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇంట్లో ఇన్‌స్పెక్టర్ కోడిగుడ్లు గిలకొడుతోంది. మామూలు రోజుల్లో ఈ వేళకి ఆవిడ ఎవరో ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి నిజం రాబడుతూ ఉంటుంది. ఇవాళ ఆమ్లెట్టు మాడకుండా చూసుకోవడమే ఆవిడ డ్యూటీ. అది కూడా సరిగ్గా చేతకావడం లేదని పెనం మీది పొగ చెబుతూనే ఉంది.

"అమ్మా, నల్లగా ఉన్నది నాన్నకి, పచ్చగా ఉన్నది నాకు," అంది కూతురు. తొమ్మిదేళ్ళ ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. నిద్రలేచింది మొదలు మళ్ళీ పడుకునే దాకా దానికి నోరు మూతపడదు.

"ఎందుకే, నేనేం పాపం చేశాను?" అన్నాడు తండ్రి, చేతిలోని పటం మీంచి తలెత్తకుండా. ఆయన బడిలో లెక్కల మాస్టారు. ఏ పడవ ఎన్నింటికి కదులుతుందో కనుక్కుని, నాలుగు రోజుల కార్యక్రమాన్ని గళ్ళు గీసి మరీ గోడకి అంటించాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ కుటుంబం చివరి దాకా గడిపిన సెలవులంటూ లేవు. అందుకే కాబోలు, ఆ కాగితానికి జిగురు కాస్త ఎక్కువే పూశాడు.

వరండాలో పేము కుర్చీలో అత్తయ్య, అంటే మాస్టారి తల్లి, కూర్చుని ఉంది. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఇప్పటికీ ఆవిడ "హలో" అంటే అవతలి మనిషి తెలియకుండానే నిటారుగా కూర్చుంటాడు. ఆవిడ ఒళ్ళో ఒక చేతిసంచి. ఆ సంచిలో కోడలి ఫోను.

కోడలి ఫోను అత్తగారి సంచిలోకి ఎందుకు చేరిందంటే, దానికో ఒప్పందం ఉంది. పోయిన ఏడాది ఇలాగే సెలవులకని రైలెక్కారు. రైలు కదులుతుండగా ఫోను మోగింది, ఇన్‌స్పెక్టర్ దిగిపోయింది. పిచ్చుక కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉండిపోయింది. ఆ రాత్రి పిల్లకి వచ్చిన జ్వరం ఆరు రోజులు తగ్గలేదు. ఈ ఏడాది మాస్టారికి ఎక్కడో కొండ మీది బడి నుంచి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం, ఉండడానికి ఇల్లు, పిల్లకి అదే బడిలో చదువు. సెలవులు ముగిసేలోగా జవాబు రాయాలి.

"నేను నిన్ను బెదిరించడం లేదు," అన్నాడు ఆయన భార్యతో, ఆ ఉత్తరం చేతిలో పెట్టి. "పిల్లకి ఇంట్లో ఉండే అమ్మయినా కావాలి, లేదా రాదని ముందే తెలిసిన అమ్మయినా కావాలి. వస్తుందో రాదో తెలియక గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం ఇంక వద్దు. నాలుగు రోజులు మాతో ఉండు. ఉండలేకపోతే నేనూ, పిల్లా, అమ్మా కొండ మీదికి వెళ్ళిపోతాం."

ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంది. నాలుగు రోజులూ ఫోను అత్తయ్య దగ్గరే ఉండాలి, ఎవరు చేసినా రాంగ్ నంబరనే చెప్పాలి. సెలవు చీటీ మీద పై అధికారి సంతకం పెట్టాడు కాబట్టి ఆఫీసు నుంచి పేచీ లేదు. ఫోను ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెబుదామని ఆవిడ నోరు తెరిచింది. 'ఒకే ఒక్క అమ్మాయి చేస్తే మాత్రం నాకివ్వండి' అని. పక్కనే పిచ్చుక రెండు చేతులూ కట్టుకుని తల్లి మొహంలోకి చూస్తోంది. ఆవిడ తెరిచిన నోరు మూసేసింది.

ఆమ్లెట్లు బల్ల మీదికి వచ్చాయి. పిచ్చుక రొట్టె ముక్క నములుతూ, "నానమ్మ బలే చెబుతుంది నాన్నా. 'క్షమించాలి, మీరు కోరినవారు ఈ నంబరులో లేరు' అని. నేను మా ఫ్రెండుకి కూడా అలాగే చెబుతా," అంది.

"ఎవరితో చెప్పింది?" అంది ఇన్‌స్పెక్టర్, మామూలుగానే.

"ఎవరో అక్కతో. నిన్న సాయంత్రం ఒకసారి, ఇవాళ ఆరింటికొకసారి, ఇందాక నువ్వు గుడ్లు కొడుతుంటే ఇంకోసారి. మూడుసార్లూ ఆ అక్కే. ఇందాకైతే ఏడుస్తోంది కూడా. నాకు బయటికి వినబడింది."

ఇన్‌స్పెక్టర్ చేతిలో పళ్ళెం అక్కడే ఆగిపోయింది. వరండాలోకి వెళ్ళి అత్తయ్య ముందు చెయ్యి చాపింది. "ఫోనివ్వండి అత్తయ్యా."

"నాలుగు రోజులన్నావు కదమ్మాయ్. ఇంకా మూడున్నాయి."

"ఇవ్వండి."

ఆ గొంతు విని ఆవిడ ఇచ్చేసింది. ఫోనులో మాత్రం ఏమీ లేదు. కోడలి కంటబడితే మనసు లాగుతుందని, వచ్చిన కాల్ వచ్చినట్టు చెరిపేసింది అత్తయ్య. చెత్తబుట్ట బొమ్మ నొక్కితే పోతుందని నేర్పిన గురువు ఇంకెవరో కాదు, పిచ్చుకే.

"నంబరు గుర్తుందా?"

"ఒకప్పుడైతే నాలుగొందల నంబర్లు నాలిక మీదుండేవి. ఇప్పుడు అద్దాలు లేకపోతే దాని మీద అంకెలే కనబడవు నాకు. ఎవరే ఆ పిల్ల?"

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని చెప్పింది. పన్నెండు రోజుల కిందట ఒక బట్టల దుకాణంలో దొంగలు పడి కాపలా ముసలాయన్ని చంపేశారు. మేడ మీద కుట్టు పని చేసే అమ్మాయి తలుపు సందులోంచి ఆ ఇద్దరి మొహాలూ చూసింది. సాక్షి ఆ దర్జీ అమ్మాయి ఒక్కతే. ఆమె సాక్ష్యం చెప్పేందుకు ఒప్పుకున్న మర్నాడే ఆమె ఇంటి చుట్టూ ఎవరో తిరగడం మొదలుపెట్టారు. ఆ కబురు స్టేషన్‌లోంచే బయటికి పొక్కిందని ఇన్‌స్పెక్టర్ అనుమానం. అందుకే ఆమెను పిన్ని ఇంటికి చేర్చి, 'ఏ వేళైనా సరే నాకే ఫోన్ చెయ్యి, స్టేషన్‌కి చెయ్యకు. సెలవుల్లో సరస్సు దగ్గరుంటాను గానీ ఫోను నా చేతిలోనే ఉంటుంది' అని మాటిచ్చింది.

మాస్టారు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.  అయినా ఏడాదిగా కడుపులో పెట్టుకున్నది ఆగలేదు.

"అంటే ఒప్పందం రోజునే నీ మనసులో ఇంకో ఒప్పందం ఉందన్నమాట. ఆ అమ్మాయికిచ్చింది మాట, మాకిచ్చింది మాట కాదా?"

"రెండూ మాటలేనండీ. రెండూ ఒకేసారి ఇవ్వకూడదు, అది నా తప్పు. ఒక్క అమ్మాయి సంగతి ముందే చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే ఇది మళ్ళీ నావైపు అలా చూస్తుందని భయపడ్డాను." ఆవిడ కూతురి వైపు చెయ్యి చూపించింది. "ఆ భయానికి అక్కడ ఆ దర్జీ పిల్ల ప్రాణం పోతే నేనేం చెయ్యాలో మీరే చెప్పండి."

"ఇప్పుడు గుమ్మం దాటితే నేను ఆ బడికి జవాబు రాసేస్తాను," అన్నాడు. అన్నాడే గాని జేబులోంచి ఉత్తరం తియ్యలేదు. 

అప్పుడు అత్తయ్య మాట్లాడింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క లైను కూడా మధ్యలో కొయ్యలేదురా నేను. గొడవల రోజుల్లో బయట రాళ్ళు పడుతున్నా కొయ్యలేదు. ఇవాళ ఏడుస్తున్న పిల్ల లైను కోసేశాను. నా కోడలు ఇంట్లో ఉండాలని."

 ఇన్‌స్పెక్టర్ నేల మీద మోకాళ్ళపై కూర్చుని అత్తయ్య చేతులు పట్టుకుంది. సాక్షుల దగ్గర ఆవిడకో పద్ధతి ఉంది. ఏం చెప్పారని అడగదు, ముందు చుట్టూ ఏముందని అడుగుతుంది. మాటలు భయంలో కలగాపులగం అవుతాయి గాని చుట్టూ ఉన్నవి అలాగే ఉంటాయని ఆవిడ నమ్మకం.

"కళ్ళు మూసుకోండి అత్తయ్యా. ఆ పిల్ల మాటలు వదిలెయ్యండి. వెనకాల ఏం వినబడింది?"

"మొదటిసారి బస్సు. ఇంజను ఆన్‌లోనే ఉంది. కండక్టరు ఎవరినో తిడుతున్నాడు. రెండోసారి గ్లాసులు కడుగుతున్న చప్పుడు, రేడియో." అత్తయ్య కనుబొమలు ముడిపడ్డాయి. "మూడోసారి జనం. చిన్నపిల్లల గోల. నీళ్ళు దేనికో తగులుతున్నాయి. తర్వాత గంట కొట్టారు, రెండు దెబ్బలు."

ఉన్నట్టుండి ఆవిడ కళ్ళు తెరిచింది. "అమ్మాయ్. ఆ గంట నాకు రెండు చెవుల్లోనూ వినబడింది. ఈ చెవిలో ఫోనులోంచి, ఆ చెవిలో ఈ కిటికీలోంచి. లైనులో ప్రతిధ్వని అనుకున్నాను. ఈ రోజుల్లో ఫోనుల్లో ప్రతిధ్వని ఎక్కడుందే నా మతి మండా."

మాస్టారు గోడ మీది కాగితం వైపు చూశాడు. "తొమ్మిదింటి పడవకి ఎక్కమని కొట్టే మొదటి గంట. పడవల రేవు ఇక్కడికి నాలుగొందల అడుగులు," అన్నాడు నెమ్మదిగా. "ఆ అమ్మాయి నిన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చింది."

ఇన్‌స్పెక్టర్ సరస్సు ఔట్‌పోస్టుకి ఫోన్ చేసింది. అది వేరే జిల్లా పోలీసులది, తన స్టేషన్‌తో సంబంధం లేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు మఫ్టీలో వస్తామన్నారు. ఇంకో చిక్కు ఉంది. సెలవులు కాబట్టి రేవులో ఐదారు వందల మంది ఉంటారు. ఆ అమ్మాయి వెంటే హంతకులూ వచ్చి ఉంటే, పేపర్లో ఫోటో పడ్డ ఇన్‌స్పెక్టర్‌ని చూసి పారిపోతారు, లేదా ముందే పిల్ల మీద పడతారు.

"నన్నెవరూ గుర్తుపట్టరు," అంటూ అత్తయ్య లేచి చెప్పులు వేసుకుంది. "నా గొంతుని మాత్రం ఆ పిల్ల గుర్తుపడుతుంది. రేవులో మైకుంది కదా, నిన్నట్నుంచి మనిషి గొంతు చించుకుంటున్నాడు."

"వద్దత్తయ్యా. మిమ్మల్ని ఇందులోకి లాగలేను."

"నువ్వు లాగడమేంటి? కోసింది నేను. కలపాల్సింది నేనే."

మాస్టారు కాసేపు తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పిచ్చుకని పక్కవాటాలో ఉండే ఇంటావిడకి అప్పజెప్పి వచ్చి, తనూ చెప్పులు వేసుకున్నాడు.

రేవులో టికెట్ గది వెనక తలుపు సందులోంచి ఇన్‌స్పెక్టర్ బయటికి చూసింది. పడవ ఆలస్యం మీద ఆలస్యమై ఇంకా గట్టునే ఉంది. దానిలో జనం మునిగిపోకుండా వేసుకునే నారింజరంగు ఈత చొక్కాలు తొడుక్కుని వరసగా కూర్చున్నారు. మెట్ల దగ్గర గళ్ళ చొక్కావాడొకడు, టోపీవాడొకడు. ఇద్దరూ సరస్సుని చూడడం లేదు, మొహాల్ని చూస్తున్నారు. దర్జీ అమ్మాయి మాత్రం ఎక్కడా కనబడలేదు.

అత్తయ్య మైకువాడి చేతిలోంచి మైకు తీసుకుంది. "కాస్త మంచినీళ్ళు తాగిరా నాయనా," అంది. ఆ గొంతుకి అతను మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆవిడ ఒకసారి దగ్గి, మైకుని పెదవులకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుంది.

"దయచేసి వినండి. నిన్న సాయంత్రం ఒకసారి, ఈ ఉదయం రెండుసార్లు మా దగ్గర విచారించి తిరిగి వెళ్ళినవారికి మనవి. క్షమించాలి, పొరపాటు మాదే. మీరు కోరినవారు ఇక్కడే ఉన్నారు. టికెట్ గది వెనక తలుపు దగ్గరికి రాగలరు."

గళ్ళ చొక్కావాడు ఒకసారి స్పీకరు వైపు చూసి ఆవులించాడు. పోయిన సామాన్ల గురించి అనుకుని ఉంటాడు. నిమిషం గడిచింది. ఎవరూ రాలేదు. అత్తయ్య మళ్ళీ చెప్పింది, ఒక్క అక్షరం తేడా లేకుండా. పడవ వాళ్ళు కట్టుతాడు విప్పుతున్నారు. మూడోసారి మొదలుపెట్టేసరికి ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు.

పడవలో మూడో వరసలో, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్న ఒక ఈత చొక్కా మెల్లిగా తలెత్తింది. స్పీకరు వైపు చూసింది. ఒక్క ఉదుటున గట్టు మీదికి దూకి పరిగెత్తింది.

టోపీవాడు చూశాడు. గళ్ళ చొక్కావాడికి సైగ చేశాడు. ఇద్దరూ కదిలారు. వాళ్ళ దారిలో, విడిచిన ఈత చొక్కాల గుట్ట పక్కన, పటం తిరగేస్తూ ఒక అమాయకపు యాత్రికుడు నిలబడి ఉన్నాడు. జీవితంలో సుద్దముక్క తప్ప మరేదీ విసిరి ఎరగని మాస్టారు ఆ గుట్టంతా ఎత్తి వాళ్ళ కాళ్ళ మీద పడేశాడు, తనూ దానితోపాటే పడ్డాడు. గళ్ళ చొక్కావాడి మోచెయ్యి తగిలి ఆయన పెదవి చిట్లింది. ఈలోగా కానిస్టేబుళ్ళు మీదపడి ఇద్దరికీ బేడీలు వేశారు. టోపీవాడి నడుము దగ్గర కత్తి దొరికింది.

మాస్టారు జేబురుమాలు పెదవికి అదుముకుంటూ టికెట్ గది వెనక్కి వచ్చేసరికి, దర్జీ అమ్మాయి ఇన్‌స్పెక్టర్ నడుము చుట్టూ చేతులు వేసి, పొట్టలో మొహం దాచుకుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు ఇంకా అలాగే ఉంది. పిన్ని ఇంటికి మనుషులు వచ్చారని తెలిసి, కుట్టు మిషన్ దగ్గర నుంచి ఉన్నపాటున లేచి వచ్చేసిందట. బస్సులో ఒకరినీ, టీకొట్టులో ఒకరినీ, వెంటబడ్డవాళ్ళకి కనబడకుండా ఎక్కి దాక్కున్న పడవలో ఒకావిడనీ ఫోను అడిగి చేసిందట. "మీరు లేరన్నారు మేడమ్. లేరన్నా ఉంటారనే వచ్చాను," అంటోంది ఎక్కిళ్ళ మధ్య.

మాస్టారు ఆ మాట విని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పన్నెండేళ్ళుగా ఆయనకి ఫోను మోగడం వినబడేది, భార్య చెప్పులు వేసుకోవడం కనబడేది. అవతల ఎవరున్నారో ఎప్పుడూ చూడలేదు. అన్నిసార్లూ అవతల ఇలాంటి మనిషే ఉండి ఉంటుందని ఆయనకి ఇప్పుడే తట్టింది. పెదవి కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది.

సాక్షి వాంగ్మూలం ఆ రోజే మేజిస్ట్రేట్ ముందు నమోదు కావాలి. కోర్టు మూడు గంటల దూరం. జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. ఇన్‌స్పెక్టర్ కూతురి ముందు కూర్చుంది. ఎన్నో నేరాలు ఒప్పించిన మనిషికి ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"పిచ్చుకా, నేను వెళ్ళాలమ్మా. ఆ అక్కకి పక్కన ఎవరైనా ఉండాలి. నువ్వు నా మీద కోపం తెచ్చుకో, ఫరవాలేదు. జ్వరం మాత్రం తెచ్చుకోకు."

పిచ్చుక దర్జీ అమ్మాయిని ఎగాదిగా చూసింది. "జీపులో ఎంతమంది పడతారు?" అంది.

సెలవుల్లో ఆ రెండో రోజు మిగతా భాగమంతా ఆ కుటుంబం కోర్టు వరండాలో గడిపింది. చెక్కబెంచీ మీద మాస్టారు, పిచ్చుక, అత్తయ్య వరసగా కూర్చున్నారు. పిచ్చుక అటువైపు వెళ్ళిన ప్రతి ప్లీడరునీ 'ఇక్కడ పడవలుంటాయా' అని అడిగింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయి కుర్చీ పక్కన నిలబడి కనబడేది. అమ్మ పనిచేస్తుంటే పిచ్చుక చూడడం అదే మొదలు. "అమ్మ నిలబడే ఉంది నాన్నా, కూర్చోవడం లేదు," అంది ఒకసారి. మాస్టారు లేచి వెళ్ళి, లోపలున్న బంట్రోతుని బతిమాలి ఒక స్టూలు పంపించాడు.

సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ దర్జీ అమ్మాయితో బయటికి వచ్చింది. మాస్టారు జేబులోంచి కొండ మీది బడి ఉత్తరం తీశాడు. దాని వెనక జవాబు రాసి ఉంది. తాము రాలేకపోతున్నామనీ, పిల్ల తల్లికి ఇక్కడ పని ఉందనీ.

ఆవిడ రెండుసార్లు చదివింది. "మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదండీ," అంది. "ఇన్నాళ్ళూ మీరు నన్ను వెనక్కి లాగుతున్నారనుకున్నాను. మీరు ఇంట్లో నిలబడబట్టే నేను బయట నిలబడ్డాను. ఒక్కరోజు కూడా ఈ మాట చెప్పలేదు మీకు."

"చెప్పావుగా ఇప్పుడు," అన్నాడు మాస్టారు. చిట్లిన పెదవితో నవ్వబోయి, నొప్పికి మానుకున్నాడు.

అంతలో మెట్ల మీదికి ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది. కబురందుకుని వచ్చిన దర్జీ అమ్మాయి తల్లి. కూతుర్ని పట్టుకుని ఒళ్ళంతా తడిమి చూసుకుంది. ఇన్‌స్పెక్టర్‌కి దండం పెట్టింది. తర్వాత కూతురు చెవిలో ఏదో చెబితే, నేరుగా అత్తయ్య దగ్గరికి వచ్చి ఆవిడ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

అత్తయ్య చేతులు వెనక్కి లాక్కుంది. "నాకు పెట్టకమ్మా దండం. నేను దానికి తగను. నీ బిడ్డ ఏడుస్తూ చేస్తే మూడుసార్లు లేదని పెట్టేసింది నేనే. మా ఇల్లు నిలబడాలని చేశాను ఆ పని. ఏమైనా అయి ఉంటే నీకు మొహం చూపించగలిగేదాన్నా?"

 వరండాలో అందరూ చూస్తున్నారు. ఆ తల్లి మళ్ళీ ఆ చేతులు అందుకుంది, ఈసారి వదల్లేదు.

"మూడుసార్లు నా బిడ్డ మిమ్మల్ని పిలిచిందమ్మా," అంది. "నాలుగోసారి మీరే పిలిచారు కదా."

అత్తయ్య ఆ చేతుల్లోనే మొహం దాచుకుంది.  ఆవిడ ఏడుస్తుంటే పిచ్చుక దగ్గరికి జరిగి, నానమ్మ భుజానికి తల ఆన్చి కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుంది.